అసలు కన్నా కొసరు ఖరీదు
వీడియో గేముల్లో విడిగా అమ్మే సరుకు గురించి ఇంట్లో పెద్దవాళ్ళు తెలుసుకోవలసినవి



రైతుబజారులో కిలో వంకాయలు కొంటే, తూకం అయ్యాక అమ్మే ఆవిడ ఇంకో రెండు కాయలు సంచిలో వేస్తుంది. గుప్పెడు కరివేపాకు కూడా పడేస్తుంది. దాన్ని కొసరు అంటాం. కొసరుకు డబ్బులు అడగరు. మీ పిల్లలు ఆడే గేముల్లో ఈ లెక్క తిరగబడింది. అక్కడ అసలు సరుకు ఉచితంగానో, ఒకసారి డబ్బు కట్టించుకొనో ఇస్తారు. కొసరు మాత్రం రోజూ అమ్ముతారు. దీనికి కంపెనీలు పెట్టిన పేరు డౌన్‌లోడబుల్ కంటెంట్. పిల్లలు డీఎల్‌సీ అంటారు. కొత్త లెవెల్, కొత్త పాత్ర, కొత్త డ్రెస్, తుపాకీకి కొత్త రంగు, ఇలా గేము కొన్న తర్వాత విడిగా కొనే ప్రతిదీ ఈ గూటిలోదే.

పేరెంట్-టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయ్యాక ఈ మాట రెండు రకాలుగా వస్తుంది. “ఎంత కొనిచ్చినా ఇంకేదో కావాలంటాడు మేడం” అనేది ఒకటి. “ఫ్రీ గేమే కదా అని ఊరుకున్నాం సార్, డబ్బులు ఎలా పోయాయో తెలియలేదు” అనేది రెండోది. రెండు చోట్లా తప్పు మొత్తం పిల్లల ఖాతాలోకే వెళ్తుంది. ఆ తప్పులో పెద్ద వాటా వేరేవాళ్ళది. అదెలాగో చెప్పడానికే ఈ నెల ఇంత పొడవైన వ్యాసం.

గుర్రానికి కవచం

మీలో కొందరు ఇంజినీరింగ్ హాస్టల్లోనో, గంటకు పదిహేను రూపాయల నెట్ సెంటర్లోనో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆడే ఉంటారు. 1999లో వచ్చింది. మరుసటి ఏడాది ‘ది కాంకరర్స్’ పేరుతో దానికి అదనపు భాగం వచ్చింది. అప్పట్లో దాన్ని ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అనేవారు. కొత్త రాజ్యాలు, కొత్త పోరాటాలు, నెలల తరబడి ఆడుకునేంత సరుకు ఒక సీడీలో ఉండేది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళెవరూ మోసపోయామనుకోలేదు. దాదాపు ఇంకో సగం గేము చేతికొచ్చింది కాబట్టి.

ఇంటర్నెట్ వేగం పెరిగాక సీడీ అచ్చు వేసి, డబ్బాలో పెట్టి, షాపుకు పంపే పని పోయింది. ఎంత చిన్న ముక్కనైనా విడిగా అమ్మవచ్చు. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా అనే అమెరికన్ కంపెనీ ‘ఆబ్లివియన్’ అనే తన గేములో గుర్రానికి వేసే కవచాన్ని ఎక్స్‌బాక్స్ 360లో రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆ కవచం వల్ల ఆటలో పెద్దగా ఒరిగేదేమీ లేదు, చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఆటగాళ్ళు నవ్వారు, తిట్టారు, ఇప్పటికీ గేముల చరిత్ర రాసేవాళ్ళు దాన్ని సామెతలా వాడతారు. ఇందులో ఒక తమాషా ఉంది. నాడు నవ్వు తెప్పించిన ఆ గుర్రపు కవచమే నేడు ఫోన్ గేముల ప్రధాన వ్యాపారం. మీ అబ్బాయి అడిగే ‘స్కిన్’ దాని మనవడే.

కోసి అమ్మడం

కొసరు అమ్ముకోవచ్చని తెలిశాక, అసలులోంచి కొంత కోసి కొసరుగా పెడదామనే బుద్ధి పుట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2012 ఒక్క ఏడాదిలోనే మూడు మంచి ఉదాహరణలున్నాయి. ‘మాస్ ఎఫెక్ట్ 3’ విడుదలైన రోజే, కథలో ముఖ్యమైన జాతికి చెందిన ఒక పాత్రను పది డాలర్లకు విడిగా అమ్మారు. గేము తయారవడం ఆ రోజే పూర్తయితే, ఆ పాత్ర అందులో ఎందుకు లేదని ఆటగాళ్ళు అడిగారు. ‘స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్’ విషయం ఇంకా విడ్డూరం. తర్వాత అమ్మబోయే 12 మంది యోధులు కొన్న డిస్కులోనే ఉన్నారని, తాళం మాత్రం వేసి ఉందని జనం కనిపెట్టారు. అంటే ఇంటికి తెచ్చుకున్న బీరువాలో ఒక అరకు తాళం వేసి, తాళంచెవికి వేరే డబ్బు అడిగినట్టు. ‘అసురాస్ రాత్’ అనే గేము అసలు ముగింపునే డీఎల్‌సీగా అమ్మింది. టికెట్ కొని సినిమా చూస్తుంటే క్లైమాక్స్ ముందు లైట్లేసి, మిగతాది చూడాలంటే ఇంకో టికెట్ తీసుకోమంటే మన థియేటర్లలో ఏమవుతుందో ఊహించుకోండి.

పండక్కి వచ్చిన డబ్బులు దాచుకుని రెండు, మూడు వేలు పెట్టి కంప్యూటర్ గేము కొన్న పిల్లవాడికి అందులో సగం మెనూల మీద తాళం గుర్తు కనిపిస్తే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనది. “ఇంతకు ముందే కొనిచ్చాం కదా, మళ్ళీ ఏంటి?” అని మీరు అడిగే ప్రశ్న, వాడు కంపెనీని అడగాలనుకుంటున్న ప్రశ్న ఒకటే. ఇద్దరూ ఒకే పక్షంలో ఉండి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

అన్ని కంపెనీలూ ఒకలాంటివని చెప్పడం అన్యాయం. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో ‘ది విచర్ 3’ తెచ్చినప్పుడు 16 చిన్న డీఎల్‌సీలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. డబ్బు తీసుకున్న రెండు పెద్ద భాగాల్లో 2016లో వచ్చిన ‘బ్లడ్ అండ్ వైన్’ అయితే ఒక కొత్త ప్రాంతాన్నే తెచ్చి పెట్టింది. ఇటువైపు ‘ది సిమ్స్ 4’ ఉంది. 2022 అక్టోబరులో అసలు గేమును ఉచితం చేశారు. దాని అదనపు ప్యాకులన్నీ అసలు ధరకు కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇల్లు ఉచితం, కిటికీలు, తలుపులు, కుర్చీలు మాత్రం మీరు కొనుక్కోండి అన్నమాట. పిల్లలు డీఎల్‌సీ అడిగినప్పుడు అది ‘కాంకరర్స్’ లాంటిదా, గుర్రపు కవచం లాంటిదా అని వాళ్ళనే అడగండి. వాళ్ళకు తేడా బాగా తెలుసు. మనం ఆ తేడా ఉందని ఒప్పుకుంటే చాలు, సంభాషణ సగం తేలికవుతుంది.

రూపాయి కనపడకుండా చేసే విద్య

మన ఇళ్ళలో ఎక్కువగా ఆడేవి ఫోన్లో ఉచితంగా దొరికే గేములు. వీటి పద్ధతి వేరు, మరింత నేర్పుగా ఉంటుంది. గేము కొనేటప్పుడు మీరు ధర చూసి ఒకసారి నిర్ణయం తీసుకుంటారు. ఇక్కడ నిర్ణయం మీది కాదు, పిల్లలది. అదీ రోజుకు పదిసార్లు.

మొదటి మెట్టు, రూపాయిని మాయం చేయడం. బీజీఎంఐలో యూసీ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్లు, రోబ్లాక్స్‌లో రోబక్స్, ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్. తిరునాళ్ళలో రంగులరాట్నం వాడు ఇచ్చే అట్టముక్క టికెట్లలాగే, చేతిలో ఉన్నది డబ్బు అనిపించదు. పైగా ప్యాకుల సైజులు సరుకు ధరలకు సరిపోవు. ఒక లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకు పెట్టుకున్నవి, పద్ధతి మాత్రం చాలా గేముల్లో ఇదే. 100 వజ్రాలు 80 రూపాయలు, 310 వజ్రాలు 240 రూపాయలు, 520 వజ్రాలు 400 రూపాయలు. అమ్మాయికి నచ్చిన డ్రెస్ 350 వజ్రాలు. 310 ప్యాకు చాలదు. దానికి తోడు 100 ప్యాకు కొనాలి. ఖర్చు 320 రూపాయలు, చేతికి 410 వజ్రాలు, డ్రెస్ పోను మిగిలేవి 60. ఆ 60 వజ్రాల విలువ దాదాపు 47 రూపాయలు. దాంతో కొనగలిగేది షాపులో ఏదీ ఉండదు, అన్నిటికన్నా చౌకది 90 వజ్రాలు. ఆ 47 రూపాయలు అక్కడ పడి ఉన్నంతకాలం “ఇంకో ప్యాకు కొంటే ఇవీ పనికొస్తాయి కదా” అనే ఆలోచన వెంటాడుతుంది. ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలతో అసలు గేము ధరలు పెట్టి చేయించండి. యూనిటరీ మెథడ్ ఇంతకన్నా శ్రద్ధగా ఎప్పుడూ నేర్చుకోరు.

తర్వాతది సీజన్ పాస్, బ్యాటిల్ పాస్ అనే ఏర్పాటు. డబ్బు కట్టి పాస్ కొంటే బహుమతులు చేతికి రావు. వాటిని సంపాదించుకునే హక్కు మాత్రమే వస్తుంది. గడువులోగా రోజూ ఆడి, ఇచ్చిన పనులు పూర్తి చేసి, ఒక్కో మెట్టూ ఎక్కాలి. గడువు అయిపోతే ఎక్కని మెట్ల మీద ఉన్నవి పోతాయి. నా దృష్టిలో ఇది మిగతా వాటికన్నా ఎక్కువ నష్టం చేసేది. డబ్బు తక్కువే పోవచ్చు, కానీ పిల్లలు డబ్బు కట్టి పని కొనుక్కుంటున్నారు. సీజన్ చివరి వారం, యూనిట్ టెస్టుల వారం ఒకటే అయితే ఆ ఇంట్లో పరిస్థితి మీకు తెలిసే ఉంటుంది. “ఇంకో మూడు లెవెల్స్ ఉన్నాయి, కట్టిన డబ్బు వేస్ట్ అవుతుంది” అని పిల్లవాడు అన్నప్పుడు వాడు సాకు చెప్పడం లేదు. పొదుపు మనిషిలాగే ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచననే గేము వాడుకుంటోంది.

ఇక లక్కీ డ్రా పెట్టెలు, లూట్ బాక్సులు, స్పిన్‌లు. డబ్బు కడతారు, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. 2017 డిసెంబరులో ఆపిల్, 2019లో గూగుల్ ఇలాంటి వాటిలో ఏది వచ్చే అవకాశం ఎంత శాతమో ముందే చూపాలని నిబంధన పెట్టాయి. అందుకే గేములో ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో ఆ శాతాలు ఉంటాయి. చూపినంత మాత్రాన అర్థమవుతాయని కాదు. అరుదైన తుపాకీ వచ్చే అవకాశం 1 శాతం అని ఉందనుకోండి, స్పిన్ 40 రూపాయలు. “100 సార్లు తిప్పితే ఒకటి గ్యారంటీ” అని పిల్లలు అనుకుంటారు, పెద్దవాళ్ళమూ అలాగే అనుకుంటాం. పదో తరగతి సంభావ్యత తెలిసినవాళ్ళు లెక్క వేయండి. ఒక్క స్పిన్‌లో రాకపోయే అవకాశం 100కి 99. వరసగా వందసార్లూ రాకపోయే అవకాశం కావాలంటే 0.99ని 0.99తో వందసార్లు గుణించుకుంటూ పోవాలి. జవాబు దాదాపు 0.366. అంటే వందమంది పిల్లలు తలా 4,000 రూపాయలు పెట్టి వందేసి సార్లు తిప్పితే, సుమారు 37 మంది ఖాళీ చేతులతో బయటికొస్తారు. తలా 8,000 పెట్టి రెండు వందల సార్లు తిప్పినా 13 మందికి రాదు. క్యాలిక్యులేటర్ ఇచ్చి ఇంట్లో మీ పిల్లలనే వేయమనండి. మనం చెప్పిన దానికన్నా క్యాలిక్యులేటర్ చెప్పింది నమ్ముతారు.

కొన్ని గేములు ఇన్నిసార్లు తిప్పాక తప్పనిసరిగా ఇస్తామంటాయి. ‘జెన్షిన్ ఇంపాక్ట్’లో 90వ సారికల్లా అత్యున్నత స్థాయి బహుమతి ఒకటి వస్తుంది. అది మీ పిల్లవాడు కోరుకున్న పాత్రే అవుతుందని నమ్మకం లేదు. ఈ గేమును నడిపే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. పిల్లలను, టీనేజర్లను అవకాశాల విషయంలో, అసలు ఖర్చు విషయంలో తప్పుదారి పట్టించారన్నది ఆరోపణ. 2025 జనవరిలో సంస్థ 2 కోట్ల డాలర్లు కట్టడానికి, 16 ఏళ్ళలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికి ఒప్పుకుంది.

తిరగబడితే ఏమైంది

ఆటగాళ్ళు ఊరుకోలేదు. 2017 నవంబరులో ఈఏ కంపెనీ ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ అనే 60 డాలర్ల గేము తెచ్చింది. అందులో డార్త్ వేడర్‌గా ఆడాలంటే 60,000 క్రెడిట్లు సంపాదించాలని తేలింది. ఆటగాళ్ళు లెక్కవేస్తే ఒక్క పాత్రకే దాదాపు 40 గంటలు ఆడాల్సి వస్తుందని వచ్చింది. డబ్బు పెట్టి పెట్టెలు కొంటే మాత్రం త్వరగా ముందుకు పోవచ్చు. గొడవ ఎంత పెరిగిందంటే, కంపెనీ ఆ ధరలను 75 శాతం తగ్గించి, విడుదలకు కొన్ని గంటల ముందు డబ్బుతో కొనే ఏర్పాటునే తాత్కాలికంగా ఆపేసింది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని ప్రసిద్ధ గేముల లూట్ బాక్సులు తమ దేశంలో జూదం కిందికే వస్తాయని తేల్చింది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ అమెరికాలో మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. అందులో 24.5 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికే. ఒక్క బటన్ నొక్కితే కొనుగోలు అయిపోయేలా తెరను అమర్చారని, బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి గేము ఖాతాలు మూసేశారని కమిషన్ ఆరోపించింది. రెండో ఆరోపణ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆన్‌లైన్లో వినియోగదారుణ్ణి మాయ చేసే 13 రకాల పద్ధతులను పేరుపేరునా చెప్పింది. ఇవి గేముల కోసమే రాసినవి కావు కానీ, చదువుతుంటే గేము షాపు కళ్ళముందు కనిపిస్తుంది. లేని తొందర పెట్టడం, అంటే గడియారం తిరుగుతూ “ఇంకా 2 గంటలే” అనడం. వద్దు అంటే సిగ్గుపడేలా చేయడం. వద్దన్నా పదేపదే అడగడం. ధరను చుక్కచుక్కగా బయటపెట్టడం. మీ పిల్లలకు ఈ జాబితా ఇచ్చి, వాళ్ళ గేములో ఎన్ని దొరుకుతాయో పట్టుకోమనండి. దొంగను పట్టే ఆట వాళ్ళకు నచ్చుతుంది.

2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో ఇవన్నీ పోయాయని కొందరు తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఆ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి తిరిగి డబ్బు గెలుస్తామనే ఆశతో ఆడే ఆటలను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన సవరణలు కూడా ఆన్‌లైన్ పందేల మీదే. స్కిన్, పాస్ కొనేవాళ్ళకు తిరిగి డబ్బు వచ్చే ఆశ మొదటి నుంచీ లేదు, కాబట్టి వాటి అమ్మకం యథావిధిగా సాగుతోంది.

కొన్నది మనదేనా?

పిల్లలకు ఇది చెప్పండి, చాలామందికి తెలియదు. ఉబిసాఫ్ట్ వారి ‘ది క్రూ’ అనే కారు రేసుల గేము 2014లో వచ్చింది. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపేసింది. డబ్బు కట్టి కొన్నవాళ్ళు కూడా ఇక ఆడలేరు, దాని డీఎల్‌సీ కొన్నవాళ్ళకు అదీ పోయింది. ఇలాంటివి చూసే కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. మనకూ ఈ అనుభవం ఉంది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, అక్టోబరు చివర సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చి పాత సరుకు మార్చుకునే వీలు ఇచ్చేదాకా, దాదాపు ఎనిమిది నెలలు కొన్నవాటిని ఎవరూ చూడలేకపోయారు. ఫుట్‌బాల్ గేముల్లో అల్టిమేట్ టీమ్ కార్డులు కొనే పిల్లలకైతే ఇది ఏటా వచ్చే నష్టమే. నిరుడు కొన్న కార్డులు ఈ ఏడాది గేములోకి రావు.

ఇంట్లో

2020లో పంజాబులో ఒక కుర్రవాడు పబ్జీ మీద 16 లక్షలు, 2022లో హైదరాబాదులో ఒక అబ్బాయి ఫ్రీ ఫైర్ మీద 36 లక్షలు పోగొట్టిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఆ వార్తల వల్ల ఒక నష్టం జరిగింది. “మా వాడు అంత చేయడులే” అనే ధీమా వచ్చింది. నిజానికి మామూలు ఇంట్లో పోయేది 79, 159, మళ్ళీ 79. పాలవాడి బిల్లులో కలిసిపోయేంత చిన్నవి. నెలాఖరుకు యూపీఐ హిస్టరీ మొత్తం కూర్చుని చూసేవాళ్ళు ఎంతమంది?

ఫోన్ సంగతి ముందు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్తే కొనుగోలుకు ధృవీకరణ అడిగే ఏర్పాటు ఉంటుంది. ‘ప్రతి కొనుగోలుకూ’ అన్నది ఎంచుకోండి. ‘30 నిమిషాలకొకసారి’ అని పెడితే, మీరు ఒకసారి పాస్‌వర్డ్ కొట్టిన తర్వాత అరగంట తలుపు తెరిచి ఉన్నట్టే. 2014లో ఆపిల్ ఇలాంటి 15 నిమిషాల తెరుపు వల్లే అమెరికాలో కనీసం 3.25 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ఐఫోన్లో ఫ్యామిలీ షేరింగ్ కింద ‘ఆస్క్ టు బై’, ఆండ్రాయిడ్‌లో ‘ఫ్యామిలీ లింక్’ పెడితే పిల్లవాడు కొనబోయే ప్రతిదీ మీ ఫోన్‌కు అనుమతి కోసం వస్తుంది. గేము డౌన్‌లోడ్ చేసే ముందు దాని వివరాల పేజీలో ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అన్న చోట కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఉంటాయి. ఉచిత గేములో ఒక్కో వస్తువు గరిష్ఠ ధర వేలల్లో కనిపిస్తే, ఆ గేము ఎవరి జేబు మీద బతుకుతోందో తెలిసిపోతుంది.

కార్డు వివరాలు పిల్లల ఫోన్లో ఉంచకండి. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలు పిన్ అడగకుండానే పోతాయి, పిల్లల చేతికిచ్చే ఫోన్లో అది వద్దు. నెలవారీ చందాలకు ఆటోపే ఒకసారి ఒప్పుకుంటే, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు ఒక మెసేజ్ వస్తుంది, దాన్ని ప్రమోషన్ మెసేజ్ అనుకుని తుడిచేయకండి.

సెట్టింగులు సగం పనే చేస్తాయి. దారి పూర్తిగా మూసేస్తే పిల్లలు వీధి చివర ‘అన్న’ దగ్గరికి వెళ్తారు. సగం ధరకే డైమండ్లు వేయిస్తానని లాగిన్, పాస్‌వర్డ్ అడిగేవాళ్ళు వీళ్ళే. డబ్బుతో పాటు ఖాతా కూడా పోతుంది, ఆ సంగతి మీకు చెప్పే ధైర్యమూ వాడికి ఉండదు. అందుకే నెలకు ఇంత అని ఒక మొత్తం ఒప్పుకుని, ఆ విలువకు ప్లే స్టోర్ గిఫ్ట్ కోడ్ ఇవ్వడం మేలు. వందా, రెండు వందలా అన్నది మీ ఇంటి లెక్క. సున్నా కూడా మంచి జవాబే, కారణం చెప్పి అంటే. అయిపోతే మళ్ళీ నెలదాకా లేదు. లక్కీ డ్రాలో పోగొట్టుకున్నా సరే, తిట్టకండి, తిరిగి నింపకండి. అడిగిన వెంటనే కొనకుండా మూడు రోజులు ఆగే నియమం పెట్టుకోండి. “ఈ రోజే ఆఖరు” అన్న ఆఫర్ మళ్ళీ వస్తుందో లేదో రాసి పెట్టుకోమనండి.

స్కిన్ పిచ్చి ఎందుకో అర్థం కావడం లేదని తండ్రులు ఎక్కువగా అంటారు. స్కిన్ లేని ఆటగాణ్ణి తోటివాళ్ళు ‘డిఫాల్ట్’ అనో, ‘బాట్’ అనో వెక్కిరిస్తారు. క్లాసులో, హాస్టల్లో అదే పేరు మిగిలిపోతుంది. పెళ్ళికి పోయినసారి కట్టిన పట్టుచీరే కట్టుకెళ్ళాలా అని మనమూ అనుకున్నవాళ్ళమే. “ఎవరన్నా ఏమన్నా అన్నారా?” అని అడిగి చూడండి. కొన్నిసార్లు విషయం డ్రెస్ గురించి అయి ఉండదు.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే

గంటలు లెక్కలోకి వస్తాయి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు రీఫండ్ అడిగితే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత గేము తయారీదారునే అడగమంటారు. ఆపిల్‌కు ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ అనే పేజీ ఉంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే సాధారణంగా తిరిగి ఇస్తారు. డీఎల్‌సీకి అది కొన్నాక అసలు గేము ఆడిన సమయం చూస్తారు, వాడేసిన సరుకుకు వర్తించదు.

కొన్నది మైనర్ అయిన మీ అబ్బాయని, మీ అనుమతి లేదని స్పష్టంగా రాయండి. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. ఖాతా మీ పేరున ఉంటే, కొన్నది మీరేనని కంపెనీ వాదిస్తుంది. పిల్లవాడికి విడిగా, అసలు వయసుతో ఖాతా తెరవమని చెప్పేది ఇందుకే. పుట్టిన సంవత్సరం దగ్గర 2000 అని పెట్టి ఉంటే మీ వాదన అక్కడే బలహీనపడుతుంది.

కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. బ్యాంకులో లావాదేవీని వివాదం చేయడం చివరి మెట్టుగా ఉంచుకోండి. ఎపిక్ కేసులో చూసినట్టు, అలా చేస్తే గేము ఖాతా మూతపడవచ్చు. మూడేళ్ళుగా అందులో పోగేసుకున్నదంతా పోతుందని తెలిస్తే పిల్లవాడు ఒప్పుకోడు, కాబట్టి ముందు వాడితో మాట్లాడి తర్వాతే ఆ పని చేయండి.

ఫిర్యాదుకు కావలసినవి ఆర్డర్ నంబరు, తేదీ, మొత్తం, గేములో ప్లేయర్ ఐడీ. కోపంలో పెద్దవాళ్ళు మొదట చేసేది గేము అన్‌ఇన్‌స్టాల్ చేయడం. దాంతో ప్లేయర్ ఐడీ వెతుక్కోవడం కష్టమవుతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.